ఒళ్ళు దగ్గర పెట్టుకో

మా వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె ‘అయితేగియితే’. ఏం అడిగినా మొదటి మాట ‘అయితే’ అని వస్తుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మబ్బు పట్టింది కదా, గొడుగు తెచ్చుకున్నావా అని అడిగితే, “అయితే పిన్నీ, తెచ్చుకుంటే వాన రాదు, మోసిందే మిగులుతుంది. తెచ్చుకోకపోతే వస్తుంది. అయితే గాలి చూస్తే...” అని మొదలుపెడుతుంది. ఆమె తేల్చుకునేలోపు వాన వచ్చి, వెలిసి, రోడ్డు కూడా ఆరిపోతుంది.

నాది పక్క కొట్టు. గుండీలు, దారాలు, జిప్పులు అమ్ముతాను. వీధిలో నన్ను గుండీలత్త అంటారు, ఆమె మాత్రం పిన్నీ అంటుంది. ఆమె పనిచేసే కుట్టు దుకాణానికీ నా కొట్టుకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకు ఒక చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి గుండీలు అందిస్తూ, ‘అయితే’లు వింటూ నా జుట్టు నెరిసింది. కాబట్టి ఆమె సంగతి చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరు. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇంకాస్త ఎక్కువ.

ఆ దుకాణంలో ఆమె కత్తిరింపు మనిషి. కోటు కానీ, ప్యాంటు కానీ, గౌను కానీ, గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర వెయ్యడం ఆమె పని. వెనకాల తెర అవతల మిషన్ల మీద కుట్టేవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు. ముందు గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేది ఆమె చెల్లెలు.

కుట్టులో తప్పు చేస్తే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కత్తిరింపులో తప్పు చేస్తే గుడ్డ పోయినట్టే. అలాంటి పని ఈ అయితేగియితే చేతిలో ఎవరు పెట్టారంటే, మాస్టారు పెట్టారు. ఆ దుకాణం తెరిచింది ఆయనే. తెరిచాక మొదట చేయించింది కత్తిరింపు బల్ల. వడ్రంగిని లోపలే కూర్చోబెట్టి, మందపాటి చెక్కతో చేయించారు. పూర్తయ్యాక చూస్తే అది తలుపు కంటే పెద్దది. కాళ్ళు ఊడదీసినా, పక్కకి తిప్పినా బయటికి రాదు. అందరూ నవ్వుతుంటే ఆయన మీసం దువ్వుకుని, “రాకపోతే మరీ మంచిది. ఎవడూ ఎత్తుకుపోడు” అన్నారు.

ఆయన ఆమెకు నేర్పిన పాఠమంతా ఒకటే మాట. “ఒళ్ళు దగ్గర పెట్టుకో.” మామూలుగా ఈ మాట మనం తిట్టడానికో బెదిరించడానికో వాడతాం. మాస్టారు కూడా తిట్టడానికే వాడుతున్నారని ఆమె చాలా ఏళ్ళు అనుకుంది. కొలిచిందే కొలిచి, గీసి, చెరిపి, “అయితే మాస్టారూ, ఇక్కడ అర అంగుళం వదిలితే...” అని నసుగుతుంటే ఆయన సుద్ద లాక్కునేవారు. “కొలిచింది చాలు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని కత్తెర వెయ్యి” అనేవారు.

బల్ల మీదికి వంగినప్పుడు ఆమె కడుపు బల్ల అంచుకు ఆనుతుంది. ఏళ్ళ తరబడి ఆని ఆని ఆ చోట అంచు నున్నగా అరిగి, కాస్త లోపలికి పోయింది. గుడ్డలో ఏదైనా తేడా ఉంటే ముందు ఆ కడుపుకే తెలిసేది. అది బిగుసుకునేది. కత్తెర పట్టిన బొటనవేలు మొద్దుబారేది. ఒకసారి ఎవరిదో కోటు, నల్లటి ఖరీదైన గుడ్డ. గీత గీసింది, కొలత సరిపోయింది, మాస్టారు కూడా చూసి సరే అన్నారు. కత్తెర నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయింది.

“ఏమైంది?” అన్నారు మాస్టారు.

“తెలీదు మాస్టారూ. కడుపు బిగిసింది.”

పైపొర ఎత్తి చూస్తే కింది పొర చాటుగా మడత పడి ఉంది. కత్తెర వేసి ఉంటే వీపు భాగం మొత్తం పోయేది. ఆ రోజు ఆమె నోట ఒక్క ‘అయితే’ కూడా రాలేదు.

గుడ్డ దగ్గర ఆమె ఒళ్ళు మాట వినేది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి బుర్ర మాట వినేది. ఆ బుర్ర సంగతేమిటంటే, అది ఎప్పుడూ ఎదుటివాళ్ళ తరఫు ప్లీడరు. ఎవరైనా కాలు తొక్కితే, పాపం వాళ్ళు ఏ తొందరలో ఉన్నారో అని వాదించి కేసు కొట్టేయించేది. నొప్పి మాత్రం ఆమె కాలిదే.

చెల్లెలు ఈమెకు పూర్తిగా విరుద్ధం. తల్లి పోయేనాటికి చెల్లెలు చిన్నపిల్ల. జడలు వేసి, బడికి పంపి, జ్వరం వస్తే పక్కన కూర్చుని పెంచింది అక్కే. పెళ్ళి చేసింది కూడా అక్కే. తన పెళ్ళి మాట వచ్చినప్పుడు మాత్రం ‘అయితే’ల్లోనే కాలం గడిచిపోయింది. అక్క ఒక నిర్ణయానికి ఏడాది తీసుకుంటే, చెల్లెలు టీ చల్లారేలోపు ఏడాదికి సరిపడా నిర్ణయాలు తీసుకునేది. నోరు కూడా పెద్దదే. “ఇదిగో అక్కా, నీ పురాణం ఆపి ఆ గౌను కత్తిరించు, మనిషి వచ్చి కూర్చుంది!” అని వీధంతా వినేలా అరిచేది. అక్క నవ్వేది. ఆ అరుపులు ఆమెను ఎప్పుడూ బాధపెట్టలేదు, కడుపు హాయిగా బల్లకు ఆనుకుని ఉండేది.

మాస్టారు పోయాక ఆ అద్దె చోటు యజమాని వచ్చి, ఇకమీదట దుకాణం ఎవరి పేరున ఉంచమంటారు అని అడిగాడు. దుకాణం నువ్వే నడపాలని మాస్టారు పోయేముందు ఈమెకే చెప్పారు, నేను పక్కనే ఉన్నాను. ఈమె ఆలోచనలో పడింది. అయితే, నా పేరున ఉంటే చెల్లెలు చిన్నబుచ్చుకుంటుందేమో. అయితే, ఇద్దరి పేరున ఉంటే మరిది ఏమనుకుంటాడో. ఈ ఆలోచన తెమలకముందే మరిది, అంటే చెల్లెలి మొగుడు, “మీకెందుకు వదినా ఈ తలనొప్పులు, నేను చూసుకుంటాగా” అని తన పేరున రాయించుకున్నాడు. ఆ రోజు కూడా కడుపు బిగిసిందట. నాకు చాలాకాలం తర్వాత చెప్పింది.

దుకాణం బాగానే నడిచింది, బల్ల బల్లలాగే ఉంది. ఒక ఉదయం కిటికీలో ఆమె ముఖం కనిపించింది.

“పిన్నీ, కడుపు బిగిసింది.”

“ఏం గుడ్డ?” అన్నాను, గుండీలు ఏరుతూ.

“గుడ్డ కాదు. చెల్లెలు టీ ఇచ్చింది.”

నాకు నవ్వొచ్చింది. “టీలో పంచదార మరిచిపోయిందా?”

“కాదు పిన్నీ. టీ ఇచ్చి, ‘తాగు అక్కయ్యా, అలిసిపోయావు’ అంది.”

అప్పుడు నవ్వు ఆపాను. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక అక్కా అనే పిలిచింది, అదీ అరిచి. అక్కయ్యా అని సాగదీసి, మెత్తగా, టీ గ్లాసు చేతికిచ్చి పిలవడం నేనైతే ఎన్నడూ వినలేదు. “అతి వినయం ధూర్త లక్షణం అంటారు, చూసుకో” అన్నాను.

“అయితే పిన్నీ, వయసొచ్చేకొద్దీ మనిషి మెత్తబడదా? నేనే తప్పుగా అనుకుంటున్నానేమో” అంది. ప్లీడరు లేచి నిలబడ్డాడు. ఇక కేసు ఎటు పోతుందో నాకు తెలుసు.

ఆ తర్వాత రోజూ అదే వరస. చెల్లెలు మెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆలస్యమైనా అరవడం మానేసింది. “నీకు వీలైనప్పుడే కత్తిరించు అక్కయ్యా” అనేది. తెర వెనక కుట్టేవాళ్ళిద్దరూ ఈమె దగ్గరికి వెళ్ళగానే మాట మింగేసి, మిషను గట్టిగా తొక్కేవాళ్ళు. ప్రతిసారీ కడుపు బిగిసేది. ప్రతిసారీ బుర్ర దానికొక కారణం కుట్టేది. చెల్లెలికి పని ఒత్తిడి తగ్గిందేమో. కుట్టేవాళ్ళు ఇంటి గొడవలేవో చెప్పుకుంటున్నారేమో. ఆమెకు ఆకలి పోయింది. డబ్బాలో తెచ్చుకున్న భోజనం మూత తీసి, చూసి, మళ్ళీ మూత పెట్టేది.

చివరికి వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన పొట్ట నొక్కి చూసి, గ్యాస్ అని చెప్పి మాత్రలు రాశాడు. ఏం తింటున్నావని అడిగాడట. ఎవరి మాటలు మింగుతున్నావని ఆయన అడగలేదు, అడగడం ఆయన పనీ కాదు. ఆమె ఆ మాత్రలు శ్రద్ధగా వేసుకుంది. చెల్లెలు నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చేది.

ఒకరోజు కొలతటేపు పట్టుకుని ఒకతను వచ్చాడు. నేల పగుళ్ళు పట్టింది, బాగు చేయిస్తున్నాం, వారంపాటు దుకాణం మూయాలి అని చెల్లెలు అక్కకు చెప్పింది. నేల పగిలిన మాట నిజమే. అతను పొడుగు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. ఆ తర్వాత గోడకు టేపు ఆనించి కింద నుంచి పైకి కొలిచాడు. ఒక చోట కాదు, మూలమూలకీ వెళ్ళి.

కొలతల మనిషికి కొలిచేవాడి చెయ్యి చూస్తే చాలు, ఏం కుట్టబోతున్నాడో తెలిసిపోతుంది. నేలకు పొడుగూ వెడల్పూ చాలు. ఎత్తుతో పనేమిటి? ఆమె బొటనవేలు మొద్దుబారింది. కత్తెర కింద పెట్టేసింది. నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, అరచెయ్యి కడుపు మీద పెట్టుకుని నిలబడింది.

అతను వెళ్ళాక చెల్లెల్ని అడిగింది. “నేలకి ఎత్తు ఎందుకే?”

చెల్లెలు అక్క భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. “అబ్బా! నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు అక్కయ్యా.”

అంతే. కేసు కొట్టేశారు. ఎక్కువ ఆలోచించే మనిషిని మోసం చెయ్యడం ఎంత తేలికో నాకు ఆ రోజు అర్థమైంది. ఆమెకు ఏది తోచినా, ‘నీది ఆలోచన జబ్బు’ అంటే చాలు, ఆమే సిగ్గుపడి ఊరుకుంటుంది. అయితేగియితే అని పేరు పెట్టి నవ్వుకున్న వీధంతా తనకు తెలియకుండానే ఆ చెల్లెలికి సాయం చేసింది. “ఆలోచన కాదే పిచ్చిదానా, నీకు కడుపు చెబుతోంది” అని నేను కిటికీలోంచి గట్టిగానే అన్నాను. “అయితే పిన్నీ, నా తోబుట్టువుని నేనే అనుమానిస్తే ఇంకెవరు నమ్ముతారు?” అంది.

దుకాణం మూయడానికి ముందురోజు పొద్దున్నే ఒక వడ్రంగి వచ్చాడు. చెల్లెలు ఇంకా రాలేదు. ఆమె ఒక్కతే ఉంది, ఏదో గౌనుకు గీత గీస్తోంది. వడ్రంగి సంచి దింపి, బల్ల చుట్టూ తిరిగి చూశాడు. వంగి కాళ్ళు చూశాడు. తలుపు చూశాడు. మళ్ళీ బల్ల చూశాడు.

“ఎక్కడ కొయ్యమంటారమ్మా?” అన్నాడు.

“దేన్ని?”

“ఈ బల్లని. రెండు ముక్కలు చేస్తే గానీ బయటికి రాదు కదా.”

“నువ్వు నేల బాగుచెయ్యడానికి వచ్చావు కదా నాయనా?”

“నేలతో నాకేం పనమ్మా, నేను వడ్రంగిని. వచ్చే నెల ఇక్కడ ఫోన్ల దుకాణం పెడుతున్నారు. చుట్టూ అద్దాల అరలు కట్టాలి. ముందు ఈ బల్ల కోసి అవతల పడెయ్యమన్నారు.” అతను మంచి మనిషి. ఆమె ముఖం చూసి తన నోరు తనే నొక్కుకున్నాడు. “మీకు... చెప్పలేదా?”

నేను నా కొట్టు వదిలి పరుగెత్తుకుని వెళ్ళాను. ఆమె బల్లకు ఆనుకుని నిలబడి ఉంది. పడిపోతుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. నావైపు చూసి, ఆశ్చర్యపోతున్నట్టుగా అంది. “పిన్నీ, కడుపు వదిలేసింది. ఇన్ని నెలల తర్వాత వదిలేసింది.”

నిజం తెలిసింది కదా, ఇక అది అరవాల్సిన అవసరం లేకపోయింది. అప్పటిదాకా అది చెప్పిందల్లా నిజమేనని ఆమెకు అప్పుడే తెలిసింది. చెల్లెలు చేసిన మోసం ఒకటి. ఆ మోసం కడుపు చెబుతుంటే దాన్ని మాత్రలు వేసి పడుకోబెట్టడం రెండోది. రెండూ ఒకేసారి మీద పడితే మనిషి ఎలా నిలబడుతుందో నాకు తెలీదు, ఆమె నిలబడింది.

కుట్టేవాళ్ళిద్దరూ వచ్చి తెర వెనక్కి వెళ్ళారు, ఆ వెనకే చెల్లెలూ మరిదీ కలిసి వచ్చారు. వడ్రంగి చేతిలో రంపం చూడగానే చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది. “నిన్ను రేపు కదా రమ్మంది?” అని అతని మీద విరుచుకుపడింది. అబద్ధమని అనలేదు, పొరపాటని అనలేదు. రోజు తప్పిందని కోపం.

“అక్కయ్యా, కూర్చో. నేను చెబుతాను.”

“నిలబడే వింటాను. చెప్పు.”

చెప్పింది. కొత్త బజారులో రెడీమేడ్ బట్టల దుకాణం పెడుతున్నారు. అక్కడ కొలతలు తీసే పని లేదు. కంపెనీవాళ్ళు ముక్కలు కత్తిరించే పంపిస్తారు, కుట్టి ఇవ్వడమే. ఈ చోటు ఫోన్లవాళ్ళకు వదిలేశారు. కుట్టేవాళ్ళిద్దరూ తమతోనే వస్తున్నారు. ఆమె తెర వైపు చూసింది. తెర వెనక మిషన్ల చప్పుడు లేదు.

“మరి నేను?” అంది.

“నువ్వు అక్కడ గల్లా దగ్గర కూర్చోవచ్చు. మంచి కుర్చీ వేయిస్తా. ఇన్నాళ్ళు నిలబడి చేశావు, ఇక హాయిగా కూర్చో.”

“కత్తెర?”

“కత్తెరతో అక్కడ పనుండదు అక్కయ్యా.”

“ముందే ఎందుకు చెప్పలేదే?”

అప్పుడు చెల్లెలు అరిచింది. పాత గొంతుతో, వీధంతా వినేలా అరిచింది. “చెబితే ఏమయ్యేది? ఏడాది ఆలోచించేదానివి! అయితే అంటావు, గియితే అంటావు! నా బతుకంతా నీ అయితేలు అయ్యేదాకా కాచుకుని కూర్చున్నానే అక్కా!”

ఆ మాటలో నిజం లేకపోలేదు. నేనూ ఆ ‘అయితే’లు విన్నదాన్నే. ఆ అరుపుకు తన కడుపు బిగుసుకోలేదని ఆమె తర్వాత నాకు చెప్పింది. అది నిజమైన కోపం, తను పెంచిన పిల్ల గొంతు. నిదానం మనిషిని విసుక్కోవచ్చు, తిట్టొచ్చు, నీ దారి నీది నా దారి నాది అని వెళ్ళిపోనూ వచ్చు. కానీ టీ ఇచ్చి, అక్కయ్యా అని పిలిచి, నేల బాగుచేయిస్తానని చెప్పి, కాళ్ళ కింద నేల లాగెయ్యకూడదు. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

ఆమె మాత్రం అరవలేదు. “నేను అడిగాను” అంది. “నేలకి ఎత్తెందుకే అని నోరు తెరిచి అడిగాను. అప్పుడు ఒక్క నిజం చెప్పి ఉంటే సరిపోయేది. నువ్వేమన్నావు? ఎక్కువ ఆలోచిస్తున్నానన్నావు. ఆలోచించింది నేను కాదే, నా కడుపు. అది నిజం చెబుతుంటే నీ మాట నమ్మి దాని నోరు నొక్కాను. నువ్వు నీళ్ళందిస్తుంటే మాత్రలు మింగాను. ఆ నీళ్ళు అందించేటప్పుడు నీకు ఏమీ అనిపించలేదా?”

చెల్లెలు ఏడ్చింది. మరిది ముందుకు వచ్చాడు. ఇన్నాళ్ళూ వదినా వదినా అని తిరిగిన మనిషి, వేలు చూపించి, “వదినా, నలుగురిలో ఉన్నాం. కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడండి” అన్నాడు.

ఆమె అతన్ని కొత్తగా చూసింది. తర్వాత, దేవుడి మీద ఒట్టు, నవ్వింది.

“ఇన్నాళ్ళూ దూరంగా పెట్టాను మరిదీ. ఇవాళే దగ్గర పెట్టుకున్నాను.”

గుమ్మం దగ్గర అప్పటికే పదిమంది పోగయ్యారు. అందరూ ఆమెకు సలహాలు చెప్పారు. ఈ వయసులో ఒక్కదానివీ ఏం చేస్తావు, కుర్చీ ఇస్తానంటోంది కదా, ఎంతైనా రక్తసంబంధం. చెల్లెలు కళ్ళు తుడుచుకుని, “ఇప్పుడే చెప్పకు. ఆలోచించుకుని చెప్పు అక్కయ్యా” అంది. వీధి వీధంతా ‘అయితే’ కోసం ఎదురుచూసింది.

ఆమె అరచెయ్యి కడుపు మీద పెట్టుకుంది. గుడ్డ మీద కత్తెర వేసేముందు ఎంతసేపు ఆగుతుందో అంతసేపే ఆగింది.

“వద్దు” అంది.

“ఎందుకు వద్దు?”

“ఎందుకో నాకు తెలీదు. వద్దంటోంది.”

నేనే కంగారుపడ్డాను. “కాస్త ఆలోచించవే తల్లీ” అని చెవిలో గొణిగాను. ఆ మాట ఆమెకు చెప్పే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆమె వినిపించుకోలేదు.

పాపం వడ్రంగి ఇంకా రంపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. “మరి నన్నేం చెయ్యమంటారు?” అని ఎవర్ని అడగాలో తెలియక అందరినీ అడిగాడు. ఆమె సుద్దముక్క తీసుకుంది. స్కేలు పెట్టలేదు, టేపు పెట్టలేదు. బల్లకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది.

“ఇది సగం కాదమ్మా. మీ వైపు చిన్నదవుతుంది” అన్నాడు వడ్రంగి.

“సగం నాకెందుకు? నేను నిలబడ్డ చోటు చాలు.”

రంపం పడ్డాక ఆమె ఏడ్చింది. అప్పటిదాకా ఒక్క కన్నీటిబొట్టు రాలలేదు. చెక్క గట్టిది, కొయ్యడానికి చాలాసేపు పట్టింది, అంతసేపూ ఏడుస్తూనే ఉంది. దగ్గరికి రాబోయిన చెల్లెల్ని నేను చేత్తోనే ఆపాను. నాకు ఆ మాత్రం హక్కు ఉందనే అనుకున్నాను.

ఆ ముక్క ఇప్పుడు నా కొట్టులో ఉంది, గుండీల అరల పక్కన. కొత్త కాళ్ళు రెండు వేయించాం, కాస్త ఊగుతుంది. పెద్ద కోట్లకు చోటు చాలదు, మడిచి మడిచి పరుచుకుంటుంది. పాతవాళ్ళు కొందరు వెతుక్కుంటూ వస్తారు, కొందరు రారు. గోడకున్న ఆ కిటికీని ఫోన్లవాళ్ళు అవతల నుంచి మూసేశారు. అరిగిన అంచు మాత్రం ఆమె వైపే ఉంది. నున్నటి ఆ గుంటలో కడుపు ఆనించి, వంగి, పని చేసుకుంటుంది. గొడుగు తెచ్చుకున్నావా అంటే ఇప్పుడు తెచ్చాననో లేదనో చెబుతుంది. వీధికి ఇంకా అలవాటు పోలేదు, అయితేగియితే అనే పిలుస్తారు.

అయినా మోసపోయిన మనిషి మోసపోయినట్టే ఉంటుంది. పని మధ్యలో ఒక్కోసారి సుద్ద ఆగిపోతుంది. నాకు గుడ్డలో ఏదో తేడా వచ్చిందనిపిస్తుంది. గుడ్డలో ఏమీ ఉండదు. “ఆ నీళ్ళ గ్లాసు పిన్నీ” అంటుంది.

మొన్న చెల్లెలు వచ్చింది. కొత్త దుకాణం పెట్టాక రావడం అదే మొదటిసారి. గుమ్మం బయటే నిలబడింది. చిక్కిపోయింది, అది నేను కూడా ఒప్పుకోవాలి.

“అక్కయ్యా” అంది.

ఆమె చేతిలో సుద్ద ఆగింది. వెనక్కి తిరిగి, గుమ్మం దాకా వెళ్ళింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

“నా మీద ఇంకా కోపమా?”

“కోపం ఎప్పుడో పోయింది. నా బుర్ర నిన్ను క్షమించేసింది కూడా. దాని సంగతి నీకు తెలుసు కదా, నీ తరఫున వాదించి వాదించి గెలిచింది.”

చెల్లెలి ముఖం వెలిగింది. “అయితే వస్తావా ఇంటికి?”

“కడుపు ఒప్పుకోవడం లేదే. నీ గొంతు వినగానే బిగుసుకుంది, ఇప్పుడు కూడా.”

“మరి అది ఎప్పుడు ఒప్పుకుంటుందక్కా?”

“నాకేం తెలుసు? నన్నడిగి బిగుసుకుందా, నన్నడిగి వదలడానికి? అది వదిలిన రోజు నేనే వస్తాను. నువ్వు పిలవక్కర్లేదు.”

చెల్లెలు వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది. నేనే జడలు వేసి బడికి పంపాను పిన్నీ అని ఏదో ఒకటి అంటుందని నేను ఎదురుచూశాను. ఆమె వచ్చి మళ్ళీ బల్లకు ఆనుకుంది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. “మనిషి వెళ్ళిపోయింది కదా, ఇప్పుడైనా వదిలిందా?” అని అడిగాను.

ఆమె అరచెయ్యి కడుపు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు విన్నది.

“ఇంకా లేదు పిన్నీ” అని కత్తెర అందుకుంది.